గాలి వచ్చే తోవ

మా తమ్ముడు పోయిన కబురు నాకు పొద్దున పూజలో ఉండగా అందింది. దీపం వెలిగించాను, హారతి ఇంకా ఇవ్వలేదు. మరదలు ఫోన్ చేసి "వదినె, నీ తమ్ముడు ఉలుకుతలేడు, పలుకుతలేడు" అంది. హారతి ఇవ్వకుండానే లేచాను. గుండ్లపోచంపల్లిలో తన రేకుల షెడ్డు ముందు కుర్చీలో కూర్చొని, చాయ్‌ని సాసర్‌లో పోసుకొని, అది చల్లారేదాకా ఆగుతూ అట్లాగే పోయాడు. గుండె ఆగిందన్నాడు డాక్టరు. నేను చేరేసరికి సాసర్‌లో చాయ్ మీద తొరక కట్టి ఉంది. ఎవరూ దాన్ని తీయలేదు. చివరికి నేనే పారబోసి కడిగిపెట్టాను.

నలభై ఏడేండ్లు. నాకన్నా ఎనిమిదేండ్లు చిన్నవాడు.

ఇది చదువుతున్న మీలో ఆయనను ఎరిగినవాళ్లు తక్కువ. డీజిల్ ఇంజన్లు చూసుకునే మనిషి. కరెంటు పోతేనే ఎవరికైనా గుర్తొచ్చే పని. ఆయన మంచితనం చెప్పడానికి నేను కూర్చోలేదు. ఆయన మీద ఒక నింద ఉంది. అది వేసినవాళ్లలో నేనూ ఒకదాన్ని. దాన్ని తీసివేయడానికి రాస్తున్నాను.

ఇద్దరు చెల్లెండ్లకు, ఒక తమ్ముడికి నేను పెద్దదాన్ని. పెండ్లయిన నాలుగో ఏడు నా భర్త పోయాడు. అత్వెల్లిలో పుట్టింటికి తిరిగి వచ్చాను. అమ్మ అప్పటికే లేదు. నాయిన ఇంకో రెండేండ్లు ఉన్నాడు. తర్వాత వండిపెట్టడం, బడికి పంపడం, జ్వరం వస్తే తల మీద తడిగుడ్డ వేయడం, అన్నీ నావే అయ్యాయి. తమ్ముడు ఐటీఐ చదివాడు. తొంభైల మొదట్లో మేడ్చల్ నుంచి షామీర్‌పేట పోయే తోవలో ఉన్న ఒక కోడిపిల్లల హేచరీలో జనరేటర్ ఆపరేటర్‌గా కుదిరాడు.

హేచరీ అంటే గుడ్లు పొదిగే ఫ్యాక్టరీ. గదుల్లో వేల గుడ్లు ఒకే వేడిలో ఉండాలి. లోపలి ఫ్యాన్లు ఆగకూడదు. పిల్లలు గుడ్డు పగలగొట్టుకొని బయటికి వచ్చే గదిలోనైతే మరీ జాగ్రత్త. గాలి ఆడకపోతే అరగంటకే వాడిపోతాయి. కరెంటు ఆ రోజుల్లో ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. అందుకని ఒక పెద్ద డీజిల్ ఇంజను, దానికో మనిషి. ఆ మనిషి మా తమ్ముడు.

పాత ఇంజను ఓపెన్ షెడ్డులో ఉండేది. మోత మోగించేది. నల్లటి పొగ పక్కనున్న కానుగ చెట్ల మీద పడి ఆకులు మసిపట్టేవి. కరెంటు పోగానే ఆయనే ఉరికి వెళ్లి తన చేత్తో స్టార్ట్ చేయాలి.

మొదటి దసరాకు నన్ను తీసుకుపోయాడు. మా దిక్కు దసరా పొద్దున పనిముట్లకు, బండ్లకు పూజ చేస్తారు. ఇంజనుకు తొలి బొట్టు మా అక్కే పెట్టాలని పట్టుపట్టాడు. యజమానిని అందరూ పటేల్ అనేవాళ్లు. ఆయన ఏమీ అనలేదు. ఆయన తల్లి అన్నది. అరుగు మీద కూర్చొనే, నాకు వినబడేట్టే అన్నది.

"మొగుడు లేని మనిషితోని తొలి బొట్టు పెట్టిస్తవారా? గిదేం సోద్దెం?"

"అవ్వా, నన్ను పెంచిన చెయ్యి గది. గా చెయ్యి మంచిది గాకుంటె నేనెట్ల మంచిగున్న?"

"మాటలు మస్తు నేర్చినవు. రేపు ఇంజనుకు ఏమన్నయితే?"

"నాదే పూచి అవ్వా. ఇంజనుకు ఏమైనా, మా అక్క చేతిది కాదు, నాదే పూచి."

నేను తల వంచుకొని పసుపు కలుపుతున్నాను. వెళ్లిపోదామనిపించింది. తమ్ముడు కుంకుమ భరిణె నా ముందుకు జరిపాడు. "పెట్టక్కా, జల్దీ. గుడ్లు సల్లారుతయి" అన్నాడు. అంతటి అవ్వ కూడా నవ్వింది.

ఆ ఇంజను ముందు భాగంలో రేడియేటర్. దాని ముందు బంతిపూల దండ కట్టాను. పూజయ్యాక ఆయన ఇంజను స్టార్ట్ చేస్తే ఫ్యాను గాలి రేడియేటర్‌లోంచి బయటికి కొట్టింది. పూరేకులు లేచి మా అందరి మీద పడ్డాయి. అవ్వ మీద కూడా పడ్డాయి. "సూడుండ్రి, ఇంజనే మనకు అచ్చింతలు ఏస్తాంది" అన్నాడు. ఆ తర్వాత పన్నెండు దసరాలు అట్లాగే జరిగాయి. ఏటా పూలు లేచేవి, మేము నవ్వేవాళ్లం. ఏడాదిలో నేను నవ్విన రోజులు తక్కువ. ఆ రోజు వాటిలో ఒకటి.

ఆయనకు చాయ్ సాసర్‌లో పోసుకొని తాగే అలవాటు. ఎవరింటికి పోయినా "సాసరుంటె ఇయ్యిండ్రి" అని అడిగేవాడు. కొత్త ఇంజను సంగతి నాకు చెప్పింది కూడా ఆ సాసర్‌తోనే. పొగ గురించి, మోత గురించి సర్కారు కొత్త నిబంధనలు తెచ్చిందట. పాతది ముసలిదైంది, ఇక కొత్తది కొనాలంటే ఆ నిబంధనలకు ఒదిగినదే కొనాలి. ఎండాకాలంలో అది దిగింది. ఆ వారమే మా ఇంటికి వచ్చి మంచంలో కూర్చున్నాడు.

"గిది పాత దాని లెక్క గాదక్కా. దీనికి టర్బో ఉన్నది."

"ఏందది?"

"బయటికి వొయ్యే పొగ ఉత్తగ వోదు. ఒక చక్రాన్ని తిప్పుకుంట వోతది. గా చక్రం గాలిని దబాయించి ఇంజన్ల కూరుతది. గాలి ఎక్కువైతె డీజిల్ మంచిగ కాల్తది. నల్ల పొగ రాదు."

"మంచిదే గద."

"మంచిదే. కని దబాయిస్తె గాలి ఉడుకుతది. ఉడుకు గాలే లోపటికి వోతె కండ్లకు అవుపడని పాడు పొగ పుడ్తదంట. దానికి గూడ సర్కారు కాయిదా వెట్టింది. గందుకె గాలిని సల్లగ జేసి పంపాలె. దానికో కూలర్. నీళ్లకు రేడియేటర్, గాలికి కూలర్, రెండు ఒకదాని ముంగట ఒకటి." గ్లాసులోని చాయ్‌ని సాసర్‌లోకి వంచాడు. "గిట్ల. గిలాసల ఎంతసేపటికి సల్లారుతది? గిండ్ల పల్సగ పరిస్తె గాలి తాకి సల్లవడ్తది."

"అంత కష్టమెందుకు, గిలాసలనే తాగరాదు?"

"మూతి కాల్తె మల్ల నువ్వే గద నెయ్యి రాసేది."

తర్వాత ఇంకో మాట అన్నాడు. నవ్వకుండా అన్నాడు. "మోత రావద్దని దాన్ని ఇనుప డబ్బల వెట్టి మూసిన్రు. సర్కారు చెప్పింది మంచికే. కని లోపట అంత వేడి. దానికి గాలి వచ్చే తోవ, పొయ్యే తోవ ఇడిసిపెట్టాలె. గా రెండు తోవలు కాపాడుడే ఇప్పుడు నా పని."

ఏది వచ్చే తోవ, ఏది పోయే తోవ అని నేను అడగలేదు. నా మనసు తులసికోట దగ్గర దీపం మీద ఉంది.

హేచరీలో కోడిపిల్లల నూగు గాలిలో దూదిలా తేలుతుంటుంది. అది ఇనుప డబ్బాలోకి పోయి రేడియేటర్ సందుల్లో, కూలర్ సందుల్లో కూరుకుంటుంది. ప్రతి సోమవారం ఆయన సబ్బునీళ్లు, మెత్తటి బ్రష్షు పట్టుకొని కడిగేవాడు. నీళ్లు జోరుగా కొట్టనిచ్చేవాడు కాదు, రేకులు వంగుతాయని. గాలి వచ్చే దిక్కునుంచి కాకుండా ఎదురు దిక్కునుంచి కడిగేవాడు. "మురికి వచ్చిన తోవలనే దాన్ని ఎల్లగొట్టాలె" అనేవాడు. సోమవారం తప్పితే ఊరుకునేవాడు కాదు. మరదలి తమ్ముడి పెండ్లి సోమవారం పడితే, కడిగి, స్నానం చేసి, తలంబ్రాల వేళకు చేరాడు.

ఆ ఏడు దసరా వచ్చింది.

బతుకమ్మకు పోను పెరట్లో మిగిలిన బంతిపూలన్నీ తెంపి, కొత్త ఇంజను గదా అని పెద్ద దండలు గుచ్చాను. వెళ్లి చూస్తే ఇంజను కనబడదు. తెల్లటి ఇనుప డబ్బా. రేడియేటర్ ఉన్న చివరన వేడిగాలి పోయే గొట్టం పైకి లేపారు, దండ కట్టడానికి చోటు లేదు. రెండో చివరన సన్న కంతల పెద్ద జాలీ తలుపు ఉంది. వెడల్పుగా, గుడి గర్భాలయం తలుపులా కనబడింది. అక్కడ పసుపు రాశాను. బొట్టు పెట్టాను. దండలు పరదాలా వేలాడదీయమన్నాను.

తమ్ముడు దండ చేత్తో పట్టుకొని నిలబడ్డాడు. "జర పక్కకు కడ్తనక్కా" అన్నాడు.

"నట్టనడుమ ఉండాలె. పక్కకెందుకు?"

"ఏం లేదు. గాలి..."

"దేవుని పూలు. అడ్డం మాట్లాడకు."

అవ్వ అరుగు మీదినుంచి చూస్తోంది. ఆయన ఒకసారి ఆమె దిక్కు చూశాడు. ఒకసారి నా దిక్కు చూశాడు. తర్వాత సన్నటి ఇనుప తీగ తెచ్చి, నేను చూపించిన చోటే, జారిపోకుండా గట్టిగా కట్టాడు. ఆ రోజు ఇంజను స్టార్ట్ చేయలేదు. పూలు లేవలేదు. నాకు కొద్దిగా వెలితిగా అనిపించింది.

పూజ చేసిన పనిముట్టును పొద్దుగూకేదాకా ముట్టకూడదని మాలో ఒక పట్టింపు. పాత ఇంజనుకైతే చిక్కు లేదు. పూజ కాగానే ఒకసారి తిప్పి ఆపేసేవాడు. మళ్లీ కరెంటు పోయినా దండ తీసి పక్కన పెట్టి, దండం పెట్టుకొని స్టార్ట్ చేసేవాడు. కొత్తది మనిషి కోసం ఆగదు. కరెంటు పోయిన పది లెక్కబెట్టేలోపు దానంతటదే లేస్తుంది.

ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. అది లేచింది.

మాపటికి జమ్మి ఆకు పట్టుకొని తమ్ముడు మా ఇంటికి వచ్చాడు. దసరానాడు జమ్మి ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతారు. పెట్టాడు, మొక్కాడు. ప్యాంటు మోకాళ్లదాకా తడిసి ఉంది.

"గిదేంది?"

"కూలర్ కడిగిన."

తర్వాత చెప్పాడు. ఇంజను వేడెక్కి ఆగిపోయింది. గుడ్డు పగిలి వచ్చిన పిల్లలున్న గదిలో గాలి ఆగింది. పండుగకని ఇంట్లో ఉన్నాడట, ఫోన్ వచ్చి తను పోయేసరికే ఆలస్యమైంది. పిల్లలన్నీ పోయాయి.

"ఎందుకు వేడెక్కింది?"

"పండుగ పనుల్ల వడి గీ సోమవారం కడుగలేదక్కా."

నేను ఏమన్నానో అక్షరం మరిచిపోలేదు. "అన్నం పెట్టే పనిని నిర్లక్ష్యం చేసినవు. నోరు లేని పానాలు. గా పాపం ఊకెనే పోదు" అన్నాను. చాయ్ ఇచ్చాను. సాసర్ ఇవ్వలేదు. అడగలేదు ఆయన. గ్లాసులోనే తాగి వెళ్లిపోయాడు.

పటేల్ పనివాళ్లందరినీ నిలబెట్టి, వాళ్ల ముందు ఆయనను పనిలోంచి తీసేశాడు. పద్నాలుగేండ్ల పని. చుట్టుపక్కల హేచరీలన్నిటికీ ఆ మాట పాకింది. కూలర్ కడగని ఆపరేటర్. కోళ్లదాణా ఫ్యాక్టరీవాళ్లు కూడా వద్దన్నారు. గుండ్లపోచంపల్లిలో షెడ్డు అద్దెకు తీసుకొని నీటి మోటార్లు, మిక్సీలు బాగుచేయడం మొదలుపెట్టాడు. ఒకసారి నేను వెళ్తే మిక్సీ జార్‌కు రబ్బరు వేస్తున్నాడు. అంత పెద్ద ఇంజను చూసిన చేతులు. "ఇది గూడ తిరిగేదే గదక్కా" అన్నాడు.

మూడేండ్లు. ఈ మూడేండ్లూ నేను పొద్దున దీపం ముందు కూర్చొని, నా తమ్ముడి నిర్లక్ష్యాన్ని క్షమించమని, ఆయనకు బుద్ధి ఇమ్మని వేడుకున్నాను. ఒక్క రోజు కూడా మానలేదు. దసరాకు ఆయన మా ఇంటికి వచ్చి మొక్కినప్పుడు, "ఇప్పుడైనా పని మీద మనసు పెట్టు" అని దీవించాను.

పదకొండో దినానికి హేచరీనుంచి ఒక్క మనిషి వచ్చింది. కోడిపిల్లలను ఏరి పెట్టెల్లో సర్దే ఆమె. అన్నం తినలేదు. నా పక్కన గోడకు ఆనుకొని కూర్చుంది.

"అక్కా, గాయిన నాతోని ఒట్టు పెట్టిచ్చుకున్నడు. ఇగ పోయినంక ఒట్టేంది? చెప్తున్న" అంది. "గా దసరనాడు నేను గక్కడనే ఉన్న. డబ్బ తలుపు తీసి సూత్తె నీ బంతిపూలు. జాలీలకెల్లి గుంజుకొని వోయినయి. కూలర్ మీద, గా సందులల్ల, ఉడికిన కూర లెక్క అతుక్కున్నయి. దండలేమో జాలీకి అతుక్కొని గాలి రాకుంట మూసినయి. ఎవ్వలు రాకముందే గాయిన పిడికెండ్ల తోని గీకి తీసిండు. చేతులు బొబ్బలెక్కినయి."

"నాకెందుకు చెప్పలే?"

"అడిగిన. పూల తోని ఆగిందని చెప్పు, నీ పనన్న ఉంటదని నేనంటి. 'పూలంటె మా అక్క పేరొస్తది. అవ్వ ఏమంటదో నీకెరికె. గా మాట మా అక్క చెవుల వడొద్దు. పూచి నాది' అన్నడు. మాపటికి వచ్చి ఇప్పుదామనుకున్నడట. కరెంటు ఇంకొంచెం ఆగితె అయిపోవు." కొంగుతో మూతి తుడుచుకుంది. "గా పూలు చెత్తల ఎయ్యలే అక్కా. టిఫిన్ డబ్బల నింపుకొని షామీర్‌పేట చెరువుకు వోయిండు. పూజ పూలు తొక్కుట్ల వడొద్దని మా అక్క చెప్పిందని."

మోకాళ్లదాకా తడిసిన ప్యాంటు.

"ఏ సోమవారం గాయిన కడుగకుంట ఉన్నడక్కా? నువ్వెట్ల నమ్మినవు?" అంది ఆమె. కోపంతో కాదు. తెలియక అడిగినట్టే అడిగింది.

మరుసటి వారం హేచరీకి వెళ్లాను. పటేల్ ఆఫీసు ముందు కుర్చీలో ఉన్నాడు. పనివాళ్లు పెట్టెలు ఎక్కిస్తున్నారు. అవ్వ అరుగు మీదే ఉంది. ఇంకా చిన్నగా అయిపోయింది, గొంతు మాత్రం తగ్గలేదు.

"పటేలా, గా దసరనాడు ఇంజను ఆగింది నా పూల తోని. నా తమ్ముడు కూలర్ కడిగిండు. ఆ వారం గూడ కడిగిండు. నా పేరు రావద్దని తప్పు మీదేసుకున్నడు."

"పోయినోని ముచ్చట ఇప్పుడెందుకమ్మా? ఇడిసిపెట్టు."

"నలుగురి ముంగట అన్నవు. నలుగురి ముంగటనే తియ్యి."

పనివాళ్లు పెట్టెలు దించి నిలబడ్డారు. పటేల్ లేచాడు. వాళ్ల దిక్కు చూడకుండా, నేల చూస్తూ, "గాయిన తప్పేం లేదంట. కూలర్ కడిగిండంట" అన్నాడు. అంతే. అది చాలు. దానికోసమే వెళ్లాను.

అవ్వ అందుకుంది. "నేను ఆనాడే చెప్పలే? గా చెయ్యి వద్దని చెప్పలే? అన్ని పానాలు వాయె. ఆఖరికి తమ్మున్ని గూడ తినె." తర్వాత లోపలికి కేకేసింది. "పసుపునీళ్లు తెండ్రి. ఆమె నిలవడ్డ కాడ సల్లుండ్రి."

ఈ మాట నా చెవిన పడొద్దనే ఆయన మూడేండ్లు మిక్సీలు తిప్పాడు.

చెంబు తెచ్చింది పిల్లలను ఏరే ఆమే. నా ముందు నిలబడి చల్లలేకపోయింది. "సల్లు" అన్నాను. పక్కకు జరిగి చోటిచ్చాను. ఆమె చల్లింది. నేను గేటు దిక్కు నడిచాను.

గేటుకు పోయే తోవ ఆ తెల్ల డబ్బా పక్కనుంచే. అప్పుడే కరెంటు పోయింది. లోపల ఇంజను దానంతటదే లేచింది. జాలీ తలుపు దగ్గర ఆగాను. జాలీ నిండా కోడిపిల్లల నూగు మందంగా, తెల్లగా పట్టి ఉంది. చాలా సోమవారాల నూగు. దాని అంచున మా తమ్ముడు కట్టిన ఇనుప తీగ ముక్క ఇంకా మెలిపడి ఉంది. తుడుద్దామని చెయ్యి చాపాను.

"ముట్టకు!" వెనకనుంచి అవ్వ కేక.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఇంజను బరువుగా గాలి గుంజుకుంటోంది. జాలీ మీది నూగు లోపలికి వంగి, పోలేక, అక్కడే అతుక్కొని వణుకుతోంది.